పట్నం మా వరసను కలుపుకుంటానన్నప్పుడు

కర్నూలు రాజధాని అయిన కొత్తలో పట్నం హద్దు రాయికి అవతల, కోడుమూరు బాట పక్కన నాకొక అంగడి ఉండేది. అంగడి వెనక మూడు గదులు. ఒకదాంట్లో నేను, ఒకదాంట్లో సరుకు, మూడోది బాడుగకు. రాయికి ఒకవైపు మున్సిపాలిటీ. మా వైపు ఏ ఊరూ కాదు. కాగితాల్లో ఎక్కడో లోపలున్న ఒక పల్లె పంచాయతీ కింద ఉన్నామనేవారు. ఆ పంచాయతీ ప్రెసిడెంటు ఎట్లా ఉంటాడో మాలో ఎవరికీ తెలియదు. ఏడాదికొకసారి అక్కడినుంచి ఒకాయన ఇంటిపన్నుకని వచ్చేవాడు. పన్ను అడగడానికి ఆయనకే మొహమాటం. ఇచ్చినంత పుచ్చుకొని, గుప్పెడు బొరుగులు నోట్లో పోసుకొని, ఎండ తగ్గేదాకా నా అరుగు మీద పడుకొని పోయేవాడు.

మా వరస అంటే పట్టుమని పది కొంపలు లేవు. నా అంగడి, దాని పక్కన బండి చక్రాలకు ఇనుప పట్టాలు బిగించే కమ్మరి కొలిమి, ఆ పక్కన ఒక సాయిబు టీ బంకు, తర్వాత కొన్ని కూలి ఇండ్లు. అందరం ఆ రాయిని నమ్ముకొని బతికాం. పడమటి ఊళ్ళ బండ్లు వేరుశెనగ బుడ్డలో, పత్తో వేసుకొని వచ్చేవి. వానలు లేని ఏడు కోసిగి వైపునుంచి కూలికి వలసపోయే సంసారాలూ ఆ బాటనే నడిచేవి. రాయి దాటి పట్నంలో బండి విప్పితే మున్సిపాలిటీకి రుసుము కట్టాలి. మా దగ్గర విప్పితే ఎవరికీ ఏమీ కట్టనక్కరలేదు. బండివాళ్ళు ఆ రుసుము తప్పించుకొని, అంతకంటే ఎక్కువ దుడ్లు నా అంగట్లో మోకులకూ బీడీలకూ గానుగపిండికీ ఖర్చుపెట్టి, మిగిల్చామన్న తృప్తితో పోయేవాళ్ళు. వాళ్ళ తృప్తిని నేనెప్పుడూ పాడుచేయలేదు.

నేను కడపలో బట్టల అంగడి పిల్లను. మా నాయన గల్లా పక్కన కూర్చొని పెరిగాను. తక్కిన ఆడపిల్లలు ముగ్గులు నేర్చుకునే వయసులో నేను నేర్చుకున్నది, లేచి పోతున్న మనిషి వీపును చూసి మనసు చెప్పడం. బేరం తెగక గిరాకీ లేచి పోతే మా నాయన తలెత్తేవాడు కాదు. చీరలు మడతపెడుతూ ఉండేవాడు. ఆ మనిషి చెప్పుల్లో కాళ్ళు పెట్టి, మెట్టు దిగి, పక్క అంగడి వైపు మొహం తిప్పేదాకా ఆగి, అప్పుడు నింపాదిగా అనేవాడు, "రాప్పా, రా. యాడికి పోతావు ఎండలో." పిలుస్తారని కొనేవాడికి తెలుసు. ఆగుతాడని అమ్మేవాడికి తెలుసు. వద్దనడం మా ఇండ్లలో మాట మొదలుపెట్టే పద్ధతి. కావాలని ముందుగా నోరు జారినవాడి పని ఆ పూటకు అయిపోయినట్టే.

పెండ్లయి కర్నూలు వచ్చాను. మా ఆయన పట్నంలో అన్నదమ్ములతో వాటాలు పంచుకొని, చవకగా వస్తుందని రాయి అవతల స్థలం కొని ఆ అంగడి కట్టాడు. కట్టిన కొన్నేండ్లకే జ్వరం తగిలి పోయాడు. పిల్లలు లేరు. మా అన్న కడపకు వచ్చేయమని మనిషిని పంపాడు. రెండు వైపులా లెక్క వేశాను. అక్కడికి పోతే వేళకు అన్నం, మాట్లాడడానికి మనుషులు, వంటింటి వెనక ఒక చాప. ఇక్కడుంటే పలకరించే దిక్కు లేదు గానీ గల్లా ముందు కూర్చునేది నేను. గల్లా వైపే మొగ్గింది. ఆ లెక్క తప్పని ఇప్పటికీ అనను. ఒంటరితనాన్ని మాత్రం చిల్లర ఖర్చుల్లో రాసుకున్నాను.

పొద్దు పొడిచినప్పటినుంచి మాట్లాడుతూనే ఉండేదాన్ని. అంతా ధరలే. అణాకు తెగే బేరాన్ని ఊరికే సాగదీసేదాన్ని. మోకు కొనడానికి వచ్చిన బండివాడిని వాళ్ళ ఊరి వానల గురించి, ఎద్దు పండ్ల గురించి అడిగి, మళ్ళీ మోకు ధరకు వచ్చి, మళ్ళీ వాళ్ళ అల్లుడి దగ్గరకు పోయేదాన్ని. విసిగిపోయి, "ఇంగ చాల్లే శెట్టెమ్మా, నీ మాటే కానీ. ఎద్దులు నిలబడి నిద్ర పోతాండాయి" అని వాడు నేనడిగినంతా ఇచ్చి పోతే, లాభం సంగతి అటుంచి, అంత తొందరగా పోయాడే అని కోపం వచ్చేది. పొద్దుగూకితే బండ్లు కట్టుకొని పోయేవి. అంగడి పలకలు వేసుకున్నాక కమ్మరి ఇంట్లో పిల్లల గొడవ గోడ అవతలనుంచి వినిపించేది. ఒక్కదానికి వండుకోవడం, ఒక్కదాన్నే తినడం. కొంచెం పప్పు వండితే ఎంత ఉడికించినా పలుకుగానే ఉంటుందని నాకొక నమ్మకం ఉండేది.

రాజధాని రాగానే పట్నంలో ఇండ్లకు కరువొచ్చింది. ఆఫీసులు డేరాల్లో, గుమాస్తాలు సత్రాల్లో. కోస్తానుంచి వచ్చిన ఒక చిన్న గుమాస్తా, ఒక ట్రంకుపెట్టె, రెండు బిందెలు, కొత్తగా కాపురానికి వచ్చిన పెండ్లాంతో మా వరస దాకా వచ్చాడు. నేను గదికి ఒక బాడుగ చెప్పాను. అది పుచ్చుకోవాలని చెప్పింది కాదు. దాన్నుంచి కిందికి రావడానికి చెప్పింది. ఆయన పెండ్లాం వైపు చూశాడు. ఆ పిల్ల, "అలాగేనండి, ఇస్తాం" అంది. మెట్టు మీద కాలు పెట్టాననుకుంటే అక్కడ మెట్టు లేనట్టయింది నాకు. ఇంక చేసేదేముంది? కొత్త బొక్కెన ఒకటి గదిలో పెట్టించాను. దొంగసొమ్ము తిన్నట్టు అనిపించకుండా ఉండడానికి.

మరునాడు బెల్లం కొనడానికి వచ్చింది. ధర చెప్పాను. దుడ్లు తీసి బల్ల మీద పెట్టింది.

"ఏమ్మా, అడగవా?" అన్నాను.

"ఏమడగాలండీ?"

"తగ్గించమని."

"మీరే చెప్పారు కదండీ ఇంతని."

"అది చెప్పిన ధర. ఇచ్చే ధర వేరే."

"మరి ఇచ్చే ధరే చెప్పొచ్చుగా పిన్నిగారూ" అంది. ఎగతాళికి కాదు. నిజంగానే అడిగింది.

ఆ పిల్ల తండ్రి బడిపంతులట. ఇంట్లో ఒక మాట అంటే అదే మాట. సంతకు పోయినా వాళ్ళమ్మ రాసిచ్చిన ధరకే కొనుక్కొచ్చేదట, లేకపోతే ఉత్త సంచితో తిరిగొచ్చేదట. ఇట్లాంటి మనుషులు కూడా ఉంటారని నాకు తెలియదు. కొన్నాళ్ళు నేర్పి చూశాను. బేరమంటే వినోదమని, ఎదుటివాడికి మర్యాద అని చెప్పాను. సాయిబు దగ్గర టీకి బేరమాడమని పంపితే పోయి, "మీకు ఎంత గిట్టుబాటవుతుందో అంతే తీసుకోండి" అని వచ్చింది. సాయిబు సగం గ్లాసు ఎక్కువ పోసి పంపాడు. నా చదువు అక్కడితో ముగిసింది.

మా వరసలో బావి నీళ్ళు ఉప్పు. తాగడానికి పొద్దున్నే హంద్రి ఏటి ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్ళు ముంతతో తోడి బిందె నింపుకోవాలి. అంతకుముందు అది నాకు పనుల్లోకెల్లా పాడు పని. ఆ పిల్ల వచ్చాక ఇద్దరం పోయేవాళ్ళం. నీళ్ళు ఊరేదాకా ఇసుకలో కూర్చొని తను వాళ్ళ కాలవల గురించి చెప్పేది. పడవలు పోతాయంటే నేను నమ్మేదాన్ని కాదు. నా మాటలు పట్టుకొని, "యాడికి పోతాండావు పిన్నిగారూ" అని రెండు యాసలూ కలిపి అంటే నవ్వొచ్చేది. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు వచ్చి బియ్యం మూట మీద కూర్చునేది. ఏమీ కొనేది కాదు. ఏమీ కొనని మనిషి నా అంగట్లో కూర్చోవడం అదే మొదలు. కూర్చున్నందుకు బాడుగ వసూలు చేయొచ్చునని ఒకసారి అన్నాను. ఎంతని అడిగింది.

ఒకనాడు పట్నం వైపునుంచి దండోరా వేసుకుంటూ వచ్చారు. రాయి అవతల బయలులో ఆఫీసర్లకు ఇండ్లు కడతారట. మున్సిపాలిటీ హద్దు ముందుకు జరుపుతారట. మా వరసను కూడా కలుపుకోవాలనే ఆలోచన ఉందట. అభ్యంతరాలుంటే ఓవర్సీరు వచ్చినప్పుడు చెప్పుకోవచ్చునట.

ఆ సాయంత్రం అందరూ కొలిమి దగ్గర చేరారు.

"ఏమక్కా, లెక్కల మనిషివి నువ్వే" అన్నాడు కమ్మరి. "కలిస్తే ఏమొస్తాది, ఏం పోతాది, ఇడమరిచి చెప్పు."

"పోయేది ముందు చెప్పక్కా" అన్నాడు సాయిబు. "వచ్చేది వచ్చినప్పుడు చూసుకుంటాం."

చెప్పాను. పంచాయతీ ఇంటిపన్ను బొరుగులతో సరి. మున్సిపాలిటీ అట్లా కాదు, ఇంటికి ఎంత బాడుగ వస్తుందో చూసి దాని మీద పన్ను వేస్తుంది. అందరికంటే ఎక్కువ పడేది నాకే, గదులున్నాయి కాబట్టి. నీళ్ళ పన్ను, దీపం పన్ను, కొళాయీ దీపమూ వచ్చేదాకా ఆగవు. కిరసనాయిలు అమ్మడానికి నాకు లైసెన్సు, కొలిమికి లైసెన్సు, టీ బంకుకు లైసెన్సు. ఇవన్నీ ఒక ఎత్తు, రాయి ఒక ఎత్తు. రాయి ముందుకు జరిగితే బండ్లు కొత్త రాయి దగ్గర విప్పుతారు. వాళ్ళ వెనక మా గిరాకీ పోతుంది.

"అంటే పన్ను పెరిగేది, దాన్ని కట్టే సంపాదన తరిగేది రెండూ ఒక్క రోజే" అన్నాడు కమ్మరి.

"వచ్చేదేంది మరి?"

"కొళాయి. దీపం. రోడ్డు. స్థలం ధర పెరుగుతాది" అన్నాను.

"స్థలం ఎవురు అమ్ముతాండారు ఈడ?" అన్నాడు సాయిబు. "అమ్మితే యాడుండల్ల?"

"కొళాయి వస్తే నీ పాలు ఇంకా పలచన అయితాయి, అది నీకు లాభమే కదప్పా" అన్నాడు కమ్మరి. సాయిబు కూడా నవ్వాడు. అందరూ నావైపు చూశారు. కలిస్తే నష్టమే అని చెప్పాను. నిక్కచ్చిగా వేసిన లెక్క అది. ఇప్పుడు వేసినా అంతే వస్తుంది.

మరునాడు చెలమ దగ్గర ఆ పిల్ల అడిగింది, "మన వరస పట్నంలో కలుస్తుందా పిన్నిగారూ?"

"ఎందుకు?"

"కలిస్తే మేము ఇక్కడే ఉండిపోవచ్చండి. ఈయనకు ఇంటద్దె అలవెన్సు పట్నం హద్దులో కాపురముంటేనే ఇస్తారట. ఇన్నాళ్ళూ సర్దుకున్నాం. ఊళ్ళో మామగారికి నెలనెలా పంపాలి కదా, ఇక సర్దలేనంటున్నారు. కలవకపోతే లోపల ఎక్కడైనా ఒక గది చూసుకోవాలి."

బిందె నిండి పొర్లుతున్నా ముంత ఆపలేదు నేను. దారి పొడుగునా మళ్ళీ లెక్క వేశాను. పన్నులు అవే, లైసెన్సులు అవే, పోయే బండ్లు అవే. కొత్తగా చేరింది ఆ పిల్ల. ఏ పద్దులో వేయాలో, ఎంతని వేయాలో తెలియలేదు. ఇల్లు చేరేసరికి మాత్రం కలిస్తేనే మంచిదన్నంత గట్టిగా తేలిపోయింది. అంత నష్టానికి అంత సంబరపడిన కోమటిది నేనొక్కదాన్నే అయి ఉంటాను.

నేను చెబితే వరస వింటుంది. కానీ నిన్న నష్టమని, ఈ రోజు లాభమని ఎట్లా చెప్పడం? ఒక పిల్ల కోసమని కొలిమి ముందు నిలబడి చెప్పే మొహం నాకు లేదు. అందుకని దాన్ని బేరంగా మార్చాను.

"చూడండప్పా" అన్నాను. "పట్నానికి మన పన్ను కావల్ల. అందుకే వాళ్ళంతట వాళ్ళే వచ్చినారు. కావాలని వచ్చినోనికి మనం ఊరికే తలకాయ ఊపితే ఏమొస్తాది? మేము రామని గట్టిగా చెబుదాం. అప్పుడు వాళ్ళు దిగొస్తారు. ముందు కొళాయి వేయండి, కొన్నేండ్లు పన్ను సగమే తీసుకోండి, బండ్లు విప్పుకోను ఈడనే తావు ఇడవండి అందాం. అప్పుడు కలిస్తే నష్టం లేదు."

కమ్మరి మొహం వెలిగింది. "ఎద్దుల సంత మాదిరి."

"అంతే."

"వద్దు వద్దంటాండల్ల."

"వాళ్ళు మళ్ళీ పిలిచేదాకా."

ఇందులో ఎవరికీ అనుమానం రాలేదు. మాలో ప్రతివాడూ పుట్టినప్పటినుంచి ఏ వస్తువూ మొదటిమాటకు కొన్నవాడు కాదు, అమ్మినవాడు కాదు.

ఓవర్సీరు సైకిలు మీద, గొడుగు పట్టుకొని వచ్చాడు. మెత్తటి మనిషి, బాగా అలిసిపోయి ఉన్నాడు. సాయిబు టీ ఇచ్చాడు. నా అరుగు మీద కూర్చొని, "మీ అభిప్రాయం ఏమిటో చెప్పండి" అన్నాడు.

"మాకొద్దు సామీ" అన్నాడు కమ్మరి. "ఉండేకాడ సుకంగా ఉండాము."

"మాక్కూడా వద్దు" అన్నాడు సాయిబు.

"మీరేమంటారమ్మా?"

"పన్ను కట్టలేము. పంచాయతీలోనే ఉంటాము" అన్నాను. మా నాయన చీరలు మడతపెట్టినట్టు బీడీ కట్టలు సర్దుతూ అన్నాను. తలెత్తలేదు. లోపలి గదిలో ఆ పిల్ల వింటూ ఉందని తెలుసు. దానికి తర్వాత చెప్పొచ్చులే అనుకున్నాను.

ఆయన టీ తాగేశాడు. "అందరిదీ ఇదే మాటా?" అన్నాడు. అందరం ఇదే మాటన్నాం. లేచాడు. గొడుగు మడిచి సైకిలుకు కట్టుకున్నాడు. ఇప్పుడు తిరుగుతాడు, అనుకున్నాను. ఒక కాలు పెడలు మీద పెట్టి ఆగాడు. కమ్మరి నా వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు. ఆయన ఆగింది పంచె సర్దుకోవడానికి. ఎక్కి పోయాడు. మేము ఆ వీపునే చూస్తూ నిలబడ్డాం. రాయి దాటింది. వంపు తిరిగింది.

"రేపొస్తాడులే" అన్నాడు సాయిబు.

రాలేదు. కొన్ని వారాలకు కొత్త హద్దు రాళ్ళు పాతారు. మా వరస వెనకగా, పొలాల మీదుగా పోయి, అవతలి బయలును కలుపుకొని, మమ్మల్ని మాత్రం చుట్టూ తిరిగి వదిలేశాయి. అంగట్లో కూర్చుంటే మూడు పక్కలా పట్నమే కనిపించేది.

ఉండబట్టలేక నేనే మున్సిపాలిటీ ఆఫీసుకు పోయాను. ఆ ఓవర్సీరు నన్ను గుర్తుపట్టి కుర్చీ చూపించాడు.

"మళ్ళీ వస్తారనుకున్నాం" అన్నాను.

"ఎందుకమ్మా? మీరందరూ వద్దన్నారు కదా."

"వద్దంటే… ఒక మాట అడిగి పోతారనుకున్నాం."

ఆయనకు అర్థం కాలేదు. కాసేపటికి అయింది. నవ్వలేదు, అది ఆయన మంచితనం. "అమ్మా, అవతలి బయలుకు గొట్టాలు వేరే దారిన పోతాయి, మీ వరస దాకా వేయాలంటే మధ్యలో వాగు దాటించాలి. మీరు కట్టే పన్నులన్నీ కలిపినా ఆ గొట్టాల ఖర్చు ఎన్నేళ్ళకూ రాదు. మాకు కావలసింది అవతలి బయలు. మధ్యలో ఉన్నారని మిమ్మల్ని అడిగాం. మీరు వద్దంటే మాకు ఖర్చు తప్పింది. ఎవరూ బలవంతం చేయలేదు కదా?"

ఎవరూ చేయలేదన్నాను. అవతలివాడికి సరుకు ఎంతకు పడిందో తెలుసుకోకుండా బేరంలో దిగకూడదని మా ఇంట్లో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. నేను నా తక్కెడే చూసుకున్నాను. పట్నానికీ ఒక తక్కెడ ఉంటుందని, అందులో మేము బరువు కాగలమని తోచలేదు. తిరిగి నడిచి వస్తుంటే నవ్వొచ్చింది. నవ్వు చెప్పుకోవడానికి గుర్తొచ్చిన మనిషి ఆ పిల్లే.

ఇంటికి వచ్చేసరికి అది నాకోసమే కూర్చొని ఉంది. లోపల, కోట దగ్గర ఒక గది దొరికిందట. నెలాఖరుకు మారాలనుకుంటున్నారట.

అలవెన్సు ఎంతో నాకు తెలుసు. నేను తీసుకునే బాడుగలో అంత తగ్గిస్తే వాళ్ళకు ఇక్కడున్నా ఒకటే, అక్కడున్నా ఒకటే. ఆ లెక్క నాకు ఎప్పుడో తెలుసు. మొదట చెప్పిన బాడుగే ఎక్కువ కాబట్టి తగ్గించినా నాకు నష్టం లేదు. అది అడగాలి, నేను కాస్త నసగాలి, అది మళ్ళీ అడగాలి, నేను ఒప్పుకోవాలి. అంతే కావలసింది. ముందుగా నేనే తగ్గిస్తానంటే అది జాలి అవుతుంది. జాలి పడేవాళ్ళ గదిలో ఆ గుమాస్తా ఉండడు. ఇదంతా ఆ రోజు నాకు నేను చెప్పుకున్నది. ఒప్పుకోవలసింది ఇంకొకటుంది. ఉండిపొమ్మని ముందు నా నోటినుంచి రావడం నాకు చేతకాలేదు.

"పోతే పొండి" అన్నాను. "నాకేం? గది ఖాళీగా ఉంటాదా? రేపే ఇంకొకరు వస్తారు."

చెప్పి చూస్తున్నాను. అట్లా అన్నారేంటి పిన్నిగారూ అంటుందనుకున్నాను. బాడుగ కొంచెం తగ్గించలేరా అంటుందనుకున్నాను.

"అమ్మయ్య" అంది ఆ పిల్ల. "మీకు ఇబ్బందవుతుందేమోనని రాత్రంతా బాధపడ్డానండీ."

నేను ఉట్టినే మాటలంటానని దానికి తెలియదు. ఇన్ని నెలలు పక్కన కూర్చున్నా తెలుసుకోలేదు. వాళ్ళ ఇంట్లో ఒక మాట అంటే అదే మాట.

తర్వాత సంగతి అందరికీ తెలిసిందే. కొన్నాళ్ళకు రాజధాని హైదరాబాదుకు పోయింది. ఆఫీసులు, గుమాస్తాలు, ట్రంకుపెట్టెలు అన్నీ తుంగభద్ర దాటిపోయాయి. ఆఫీసర్ల కోసమని కలుపుకున్న బయలులో కట్టినన్ని ఇండ్లు కట్టి ఆపేశారు. పట్నానికి దాని మీద పన్ను సరిగా రాలేదని, దీపాల ఖర్చు మీదపడిందని సాయిబు పట్నంలో విని వచ్చి సంతోషంగా చెప్పాడు. మేము కలిసి ఉంటే బండ్లు పోయి, కట్టాల్సిన పన్ను మాత్రం మిగిలేది. లెక్క ప్రకారం వద్దన్నదే మేలు. కమ్మరి చాలాకాలం దాకా ఆ మాట నా ముందుచూపు కింద చెప్పుకొనేవాడు. నేను కాదనలేదు. మా వరస కలిసినా ఆ పిల్ల ఆ రోజు కాకపోతే ఇంకొకనాడు పోయేదే. అదీ తెలుసు. మధ్యలో ఎన్ని పొద్దులు చెలమ దగ్గర కూర్చునేవాళ్ళమో వాటికి మాత్రం ఏ ధరా కట్టలేకపోయాను.

ఆ నెలాఖరున వాళ్ళు కోట దగ్గరికి మారే రోజు గుమాస్తా ఒక బండివాడిని మాట్లాడుతున్నాడు. కోడుమూరు మనిషే, నా దగ్గర మోకులు కొనేవాడు. సామాను కోట దాకా చేర్చడానికి రూపాయిన్నర అడిగాడు. గుమాస్తా మొహం వాడిపోయింది. జేబు తడిమి చూసుకొని పెండ్లాంతో మెల్లగా అన్నాడు, "జీతాలు వచ్చాక వెళ్దాంలే. ఈ వారం ఇక్కడే ఉందాం." ఆ పిల్ల సరేనన్నట్టు ట్రంకుపెట్టె మీద చేయి వేసి మళ్ళీ లోపలికి జరపబోయింది.

నేను గల్లా దగ్గరున్నాను. రూపాయిన్నర అన్న మాట నా చెవిన పడింది.

"రూపాయిన్నరా?" అన్నాను. "ఏమప్పా, ఏముండాది సామాను? ఒక ట్రంకు, రెండు బిందెలు, ఒక పరుపు. ఆ పిల్ల నీ ఎద్దుకు ఈగంత బరువు."

"కోట కాడ రద్దీ శెట్టెమ్మా. బండి తిప్పుకోను తావుండదు."

"తిప్పుకోవద్దు. ఖాళీగా అట్లే ముందుకు పో. బుడ్డలు ఎట్లాగూ దించేసినావు కదా. ఆరణాలు."

"ఆరణాలకు నా ఎద్దు మొహం కూడా చూపీను."

"సరే పో. ఇంకొకడు వస్తాడు."

వాడు చెర్నాకోల చేతిలోకి తీసుకొని రెండడుగులు పోయాడు. నేను బీడీ కట్టలు సర్దుకున్నాను. వాడు తిరిగాడు. బండివాళ్ళు తిరుగుతారు. "ఇంద, పదణాలు చెయ్యి" అన్నాడు. ఎనిమిదణాల దగ్గర తెగింది. ఒంట్లో కాసేపు హాయిగా అనిపించింది. అంత శుభ్రంగా తెగిన బేరం ఆ నెలలో ఇంకోటి లేదు.

అప్పటికే గుమాస్తా ట్రంకు ఎత్తి బండిలో పెడుతున్నాడు. "ఎంత సాయం చేశారండీ" అన్నాడు. వారం ఆగవలసిన వాళ్ళను ఆ గంటలోనే పంపుతున్నానన్న సంగతి, పరుపు కూడా బండెక్కిన తర్వాత నాకు తట్టింది. నోరు తెరిచాను. ధర తప్పు చెప్పానని అనడానికి వీల్లేదు, ఇద్దరూ ఒప్పుకున్నారు.

ఆ పిల్ల వచ్చి కాళ్ళకు మొక్కింది. బండి వెనక కాళ్ళు వేలాడేసుకొని కూర్చుంది.

"ఆదివారం రండి పిన్నిగారూ. తప్పకుండా రావాలి."

"అంగడి వదిలి నేను యాడికి వచ్చేది" అన్నాను. "కుదరదు."

బండి కదిలింది. అది ఇంకొకసారి అడుగుతుందేమోనని నేను రాయి దాకా పక్కనే నడిచాను.